నిద్ర లేవని కంప్యూటరు

“హైబర్నేషన్‌ను ఆపివేయండి, పీడ విరగడవుతుంది” అని బ్లాగ్మిత్రులు తరచుగా సలహా చెబుతుంటారు. నిరంతరం కరెంటుండే నగరంలో ఆ సలహా చెల్లవచ్చును. భద్రాచలం అడవి అంచున కూర్చున్నవానికి అది చెల్లదని నా అభిప్రాయం.

పాల్వంచలో 1960ల నుండి థర్మల్ విద్యుత్తు పుడుతున్నది. మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రమూ వచ్చింది. అయినా గాలివాన వస్తే అడవి దారిన తీగల మీద ఒక కొమ్మ విరిగిపడుతుంది, గూడేలలో చీకటి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటిన నాటి సంగతి సరేసరి. స్లీప్ అనే మామూలు నిద్రలో మెమరీ నిలవాలంటే కొద్దిగానైనా కరెంటు కావాలి. హైబర్నేషన్ మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి పూర్తిగా ఆగిపోతుంది. బ్యాటరీ ఊడదీసినా ఆ రాత చెరగదు. ఇటువంటి చోట అది విలాసం కాదు.

నన్ను ముంచినదీ అదేనని ఒప్పుకోవాలి. దుమ్ముగూడెం మండలంలో ఒక కోయ గూడేనికి వెళ్ళి, ఒక వృద్ధురాలు చెబుతుండగా చెట్ల పేర్లు, ఏ చెట్టు బెరడు దేనికి పనికివస్తుందో, రెండు గంటలు టైపు చేసుకున్నాను. సేవ్ చేయలేదు. మూత దించితే అదే దాచుకుంటుందన్న ధీమా! ఇంటికి వచ్చి తెరిస్తే నల్లని తెర. డిస్కు దీపం కొంతసేపు మినుకుమని ఆరిపోయింది. ఓపిక నశించి పవర్ బటన్ నొక్కిపట్టాను. మళ్ళీ వెలిగినప్పుడు ఏమీ ఎరగనట్లు కొత్తగా మొదలైంది. డిస్కు మీది ఆ ప్రతి ఒక్కసారికే పనికివస్తుంది. మెమరీలోకి చదువుకున్నాక చెల్లని కాగితమే.

తరువాత ఖాళీ ఫైలుతో, పాట ఒకటి పెట్టి, అదే పరీక్ష చేశాను. తెర నల్లగానే ఉంది, పాట మాత్రం వినిపించింది! యంత్రం లేచే ఉంది, లేవనిది తెర ఒక్కటే. దోషం డిస్ప్లే డ్రైవరుది. ఆనాడు గుడ్డిగానైనా కంట్రోల్, ఎస్ నొక్కి, ఏదో పేరు కొట్టి, ఎంటర్ నొక్కి ఉంటే ఆ రెండు గంటలూ దక్కేవేమో. విండోస్ 10 మొదలుకొని విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు కలిపి నొక్కితే డిస్ప్లే డ్రైవరు మళ్ళీ మొదలవుతుందన్నది కూడా అప్పుడే తెలిసింది. డ్రైవరు మార్చాను. హైబర్నేషన్‌ను ఒకసారి ఆపి మరల ఆన్ చేస్తే పాత ఫైలు పోయి కొత్తది ఏర్పడుతుంది కనుక అదీ చేశాను. నల్లతెర మళ్ళీ రాలేదు.

బ్యాటరీ సంగతి వేరు. ముసలి బ్యాటరీ 12 శాతం చూపుతూ చూపుతూ ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. 5 శాతం దగ్గర హైబర్నేట్ కమ్మని చెప్పి ఉంచితే రాయడం మొదలయ్యేలోపే ప్రాణం పోతుంది. నేను 20కి పెంచుకున్నాను. ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవారికి ఇంకొక మాట: విండోస్‌ను హైబర్నేట్ చేసి, లినక్స్ నుండి దాని డిస్కులో రాయకండి. లేచిన విండోస్ తన పాత జ్ఞాపకాన్నే నమ్ముకొని ఫైళ్ళను ధ్వంసం చేయగలదు.

కనుక హైబర్నేషన్‌ను నిందించను. సేవ్ చేయకుండా మూత దించే మనలను నిందిస్తాను. పది నిమిషాలకొకసారి రెండు మీటలు నొక్కలేనంత పని ఎవరికీ లేదు.

ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళాను. ఆమె విసుగు లేకుండా అన్నీ తిరిగి చెప్పింది. కానీ వరుస మారింది. జ్వరానికి పనికివచ్చే ఒక తీగ గురించి మొదటిరోజు చాలాసేపు చెప్పింది, పేరు నా తలలో నిలవలేదు. ఆ తీగ మాట ఈసారి రాలేదు. నేనే అడిగాను.

“నేనట్ట చెప్పానా సారూ?” అని నవ్వింది.