కొలువు మారేవేళ – ఆగమమా? ఆదేశమా?



"కూటి కొరకు కోటి విద్యలు" అనే సామెతను మనవారు రెండు విధాలుగా వాడుతారు. తనను గూర్చి తాను అనుకొనేటప్పుడు అది నిట్టూర్పు. ఎదుటివానిని గూర్చి అనేటప్పుడు ఎత్తిపొడుపు. ఒక వృత్తిని విడిచి మరొకదానిని చేపట్టడమంటే మెట్టు దిగడమేనని మన సమాజం లెక్క. ఆ లెక్క సరికాదని నా అభిప్రాయం. కొలువు మారవలసివచ్చినవానికి మొట్టమొదట కావలసినది తనను తాను సరిగా చెప్పుకోవడం. వృత్తిచేత తెలుగు పండితుడిని కావున ఈ మాటను వ్యాకరణం దారిలోనే చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

మన భాషలో ఒక విశేషమున్నది. "నేను ఉపాధ్యాయుడిని", "ఆయన మేనేజరు" అనే వాక్యాలలో క్రియ లేదు. రెండు నామాలను పక్కపక్కన నిలిపితే చాలు, వాక్యం పూర్తి అవుతుంది. క్రియ లేదు కావున అందులో కాలమూ కనబడదు. నిన్న, నేడు, రేపు అంతా ఇదే అన్నట్లు వినబడుతుంది. ఇరవై ముప్పై ఏళ్ళు ఈ వాక్యాన్ని చెప్పుకొంటూ వచ్చినవాడు, ఒకనాడు కొలువు పోగానే ఆ వాక్యంతోపాటు తానూ లేకుండా పోయినట్లు కుంగిపోతాడు. అదే మనిషి "కష్టమైన విషయాన్ని విడమరచి చెప్పగలను", "నలభైమంది పిల్లలను గంటసేపు ఒకే విషయం మీద నిలపగలను", "వ్రాతలో తప్పును చూడగానే పట్టుకొనగలను" అని క్రియతో చెప్పుకొన్నాడనుకోండి. ఆ వాక్యాలను ఏ యాజమాన్యమూ రద్దు చేయలేదు. కొలువు వెదకే ప్రతివారూ ఒక తెల్లకాగితం మీద తమ పాత హోదాను కాక, తాము ఇన్నేళ్ళు చేసిన క్రియలను వ్రాసికోవాలని నేను చెప్పేది ఇందుకే. ఆ జాబితాను చూసినప్పుడే ఏ తలుపు తట్టవచ్చునో తెలుస్తుంది.

గుర్రం జాషువ (1895–1971) గారి జీవితాన్ని చూడండి. 1915-16 ప్రాంతంలో వారు రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకులుగా పనిచేశారు. తెరమీద బొమ్మ కదులుతూ ఉంటే పక్కనుండి కథను, సంభాషణలను చదివి వినిపించడం ఆ ఉద్యోగం. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ వచ్చింది. మూకీలతోపాటు ఆ ఉద్యోగమూ కాలగర్భంలో కలిసింది. జాషువ గారు అంతకుముందే గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణాలయంలో చాలాకాలం బోధించి, 1928 నుండి 1942 వరకు అక్కడే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధప్రచారకులైనారు. 1957-59 నడుమ మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. హోదాలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. క్రియ చూస్తే అన్నిచోట్లా ఒక్కటే: మాటను వినేవాని హృదయానికి చేర్చడం. కులం పేరిట ఎన్ని తలుపులు తమ ముఖం మీదనే మూతపడినా, తెరచిన ప్రతి తలుపులోనికీ వారు ఆ క్రియతోనే వెళ్ళారు.

మహాకవి కథ మహాకవికే చెల్లుతుందని అనేవారు ఉండవచ్చు. సామాన్యుల మాట చెబుతాను. అచ్చాఫీసులలో సీసపు అక్షరాలను చేతితో కూర్చే కంపోజిటర్లను నేను చాలామందిని ఎరుగుదును. అద్దంలో బొమ్మవలె తిరగబడిన తెలుగు అక్షరాలను, గుణింతాలతో వత్తులతో సహా గడగడ చదివేవారు. ఏ అరలో ఏ అక్షరమున్నదో వారి వ్రేళ్ళకు తెలుసు. 1990ల నాటికి కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పద్ధతి ఊరూరా వ్యాపించింది; వ్రేళ్ళ విద్యకు పని లేకపోయింది. కొందరు "ఇరవై ఏళ్ళ కుర్రవాని దగ్గర కూర్చుని మీటలు నొక్కడం నేర్చుకోనా?" అని రోషపడి ఇంటివద్ద కూర్చున్నారు. మరికొందరు కూర్చుని నేర్చుకొన్నారు. వ్రేళ్ళ విద్య పోయినా కంటి విద్య పోలేదు. ఎక్కడ వత్తు జారిందో, ఎక్కడ పంక్తి వదులైందో ఆ కుర్రవానికి కనబడనిది వీరికి కనబడేది. ప్రూఫులు దిద్దేవారుగా వారిలో కొందరికి మునుపటికంటె ఎక్కువ మర్యాద దక్కడం నేను చూశాను. రెండు వర్గాలవారికీ వచ్చిన విద్య ఒకటే. తేడా అంతా తమకంటె చిన్నవాని ఎదుట శిష్యుడుగా కూర్చోగలగడంలోనే ఉన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. వ్యాకరణంలో ఆగమమని, ఆదేశమని రెండున్నాయి. మా, అమ్మ అనే మాటలు కలిసి 'మాయమ్మ' అయినప్పుడు నడుమ యకారం వచ్చి చేరుతుంది. ఉన్న అక్షరాలలో దేనినీ తొలగించదు. ఇది ఆగమం. వాడు, కొట్టె అనేవి కలిసి 'వాడుగొట్టె' అయినప్పుడు కకారాన్ని తొలగించి దాని స్థానంలో గకారం కూర్చుంటుంది. ఇది ఆదేశం. ఆగమం మిత్రునివంటిది, ఆదేశం శత్రువువంటిది అని వ్యాకరణ పాఠం చెప్పేవారు సులువుగా గుర్తుండడానికి అంటూంటారు. కొత్త వృత్తి మనకు ఎట్లా రావాలి? పాతదానిని చెరిపివేసే ఆదేశంగా భావించేవాడు దానిని శత్రువుగానే చూస్తాడు, సగం మనస్సుతోనే నేర్చుకొంటాడు. ఆగమంగా భావించేవాడు పాత విద్య పక్కన కొత్తదానికి చోటు చూపిస్తాడు. ఆదేశం జరగవలసినచోటు ఒక్కటున్నది. "నేనింతటివాడిని" అనే స్థానంలో "నేను నేర్చుకొంటున్నాను" అనేది వచ్చి కూర్చోవాలి.

ఈ మాటలు 2020లో నాకు పరీక్షకు వచ్చాయి. ఆ ఏడు మార్చిలో బడులు మూతపడ్డాయి. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు వేలమంది జీతాలు లేక కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనులకు వెళ్ళారు. తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించేనాటికి 2021 ఏప్రిల్ వచ్చింది. నా పూర్వ విద్యార్థిని ఒకామె హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. జీతం నిలిచిపోయిన కొన్ని నెలలకు భర్తతో కలిసి ఇంటిముందు కర్రీ పాయింటు పెట్టింది. "టీచరమ్మ కూరలమ్ముకొంటున్నది" అని వీధిలో అన్నారట. నాకు ఫోను చేసి, "మాస్టారూ, నా చదువంతా వృథా అయినట్లేనా?" అని అడిగింది.

ఆమె దుకాణాన్ని చూసిన తరువాతనే నాకు సమాధానం దొరికింది. ప్రతిరాత్రి ఏ కూర ఎంత మిగిలిందో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటుంది. మరునాడు దానిని బట్టి వండుతుంది. "ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నాను. "ఎవరూ నేర్పలేదు మాస్టారూ. జవాబు పత్రాలు దిద్దాక ఏ ప్రశ్నకు ఎక్కువమంది తప్పు వ్రాశారో చూసుకొని ఆ పాఠం మళ్ళీ చెప్పేదాన్ని కదా!" అన్నది. ఆమె అడిగిన ప్రశ్నకు ఆమె నోటుపుస్తకమే జవాబు. బడులు తెరచిన పిమ్మట పాత యాజమాన్యం తిరిగి పిలిచింది. ఆమె జీతం లెక్క చూసుకొని వెళ్ళలేదు. అయితే పాఠం చెప్పే సుఖం పోయిందనే బాధ ఇప్పటికీ ఉన్నదంటుంది. ఆ బాధ లేనట్లు నటించమని నేను చెప్పను. పోయినదానికి బాధపడడమూ, వచ్చినదానిని శ్రద్ధగా చేయడమూ ఒకే మనిషిలో ఇమిడి ఉండగలవు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. "దృక్పథం మార్చుకో, లోకం మారిపోతుంది" అని వేదికలెక్కి చెప్పే వ్యక్తిత్వ వికాస బోధకుల పక్షాన నేను లేను. దృక్పథంతో ఇంటి అద్దె తీరదు. కొలువు పోయినవాడు మొదట ఇంట్లోవారితో ఉన్నమాట చెప్పాలి. ఎన్ని నెలల గ్రాసమున్నదో, ఏ వాయిదాలు కట్టవలసి ఉన్నదో లెక్క చూసుకోవాలి. పొద్దున టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరి, సాయంత్రం వరకు పార్కులో కూర్చుని వచ్చేవారిని గూర్చి విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఇంటిని నిలబెట్టే చిన్న పనిని ముందు పట్టుకొని, తగిన పనిని దానిమీద నిలబడి వెదకడంలో అవమానం లేదు. అట్లే, చెప్పాపెట్టకుండా జీతాలు ఆపిన యాజమాన్యాల బాధ్యతను ఉద్యోగి మనోధైర్యం మీదికి నెట్టడం న్యాయం కాదు.

2022 చివరి నుండి సాఫ్ట్‌వేరు సంస్థలలో ఉద్వాసన వార్తలు ఆగడం లేదు. నలభై దాటినవారు, ఇంటి అప్పు సగం కూడ తీరనివారు వారిలో ఉన్నారు. వారికి నేను చెప్పగలిగినది ఇంతే. మీ పాత హోదాను గౌరవంగా దించి పక్కన పెట్టండి. క్రియలను మాత్రం వెంట తీసికొని వెళ్ళండి. నేర్పేవాని వయస్సు చూడకండి. పాత జీతంతో కొత్త జీతాన్ని మొదటి ఏడే పోల్చకండి.

మిగిలిన మనకూ ఒక కర్తవ్యమున్నది. కొలువు మారినవాడు ఎదురైనప్పుడు "ఇప్పుడేమిటి మీరు?" అని అడుగుతాము. మళ్ళీ అదే క్రియలేని వాక్యం! దానికి బదులు "ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగి, చెప్పేది చివరివరకూ విందాము. మీలో వృత్తి మార్చినవారు ఎందరో ఉన్నారు. పాతదానిలో ఏది మీ వెంట వచ్చిందో వ్రాస్తే, ఇప్పుడు దారి వెదకుతున్నవారికి నా వ్యాకరణంకంటె అది ఎక్కువ ఉపకరిస్తుంది.

స్వస్తి.