బండి వ్రాసుకునే చిట్టా

ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో ఇంజను నడిపే ప్రతి డ్రైవరుకూ ఒక సంగతి తెలుసు. ఇంజనులోని స్పీడు రికార్డరు తన వేగాన్ని నమోదు చేస్తున్నది. అధికారులు దానిని పరిశీలిస్తారు. వందలాది ప్రయాణికుల ప్రాణాలు తన చేతిలో ఉన్నవి గనుక ఆ నిఘా సబబే.

డ్యూటీ దిగి అతడు ఎక్కే సొంత కారు ఇంటర్నెట్‌తో ముడిపడినదైతే, అదీ చిట్టా వ్రాయగలదు: ఎక్కడికి వెళ్లాడు, ఎంత వేగంతో నడిపాడు, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు నొక్కాడు. అది ఎవరికి చేరుతుందో మాత్రం అతనికి తెలియదు.

2023లో మొజిల్లా ఫౌండేషన్ పరిశీలించిన 25 కార్ల బ్రాండ్లలో గోప్యత విషయంలో ఒక్కటీ నెగ్గలేదు. చోదకుల వివరాలను సరైన అనుమతి లేకుండా అమ్మినదని 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనరల్ మోటార్స్‌పై అభియోగం మోపింది. అవి బీమా రుసుముల నిర్ణయానికి వినియోగపడినవని ఆరోపించింది.

గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. కారు కొనేవేళ మైలేజీతో పాటు ఈ ప్రశ్న కూడా అడగడం మంచిది: "ఈ చిట్టా ఎవరి కోసం?" అమ్మేవేళ అందులోని ఫోను నంబర్లను, చిరునామాలను తుడిచివేయడం మరువరాదు.