కల్లంలో తేమ ఒక్కటే కొలిస్తే చాలదు

మన జనగామ జిల్లా చిల్పూరు మండలంలో వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరగానే ముందుగా బయటికి వచ్చేది తేమ చూసే మిషను. 17 శాతం దాటిందంటే కుప్ప కదలదు. రైతు మళ్లీ ఆరబోస్తాడు, మబ్బు పట్టిందంటే టార్పాలిన్ల కోసం పరుగెత్తుతాడు. తాలు చూస్తారు, మట్టిపెళ్లలు చూస్తారు, రంగు మారిన గింజ చూస్తారు. నాట్లు వేసిన నాటి నుంచి కొట్టిన మందు ఆ గింజలో ఎంత మిగిలిందో మాత్రం అక్కడ ఎవరూ చూడరు. ఆ వడ్లే బియ్యమై రేషన్ దుకాణానికీ, హాస్టల్ పిల్లల కంచాల్లోకీ వెళ్తాయి.

అగ్గితెగులు కనబడితే మన ఊళ్లలో మందుల దుకాణం వాళ్లు చేతిలో పెట్టే మందుల్లో ట్రైసైక్లజోల్ ముందుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో దీన్ని పంటమీద వాడటానికి అనుమతి లేదు. బయటినుంచి వచ్చే బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము దాకా దీని అవశేషం ఉన్నా అంతకుముందు ఊరుకునేవాళ్లు. 2017లో ఆ హద్దును 0.01 మిల్లీగ్రాముకు దించేశారు. వందో వంతు! బాస్మతి ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. పంజాబ్ ప్రభుత్వం బాస్మతి కాలంలో అమ్మకూడని మందుల జాబితా పెట్టుకుంది, అందులో ట్రైసైక్లజోల్ కూడా ఉంది. మంచిదే. కానీ ఆ జాగ్రత్తంతా ఓడ ఎక్కే బస్తా కోసం. చిల్పూరులో పండే వడ్లు ఓడ ఎక్కవు కాబట్టి వాటి గురించి ఆ పట్టింపు లేదు. యూరప్‌లో తినేవాడి కడుపుకు ఒక లెక్క, జనగామలో తినేవాడి కడుపుకు ఇంకో లెక్క ఎందుకుండాలి?

యూరప్ వాళ్లు మనకంటే మంచివాళ్లని కాదు, వాళ్లు కొలతను వదిలిపెట్టరు. కోపెన్‌హాగన్‌లో 1994 నుంచి పనిచేస్తున్న యూరోపియన్ పర్యావరణ సంస్థకు ఉన్న ముఖ్యమైన పని అదే: దేశదేశాల నుంచి గాలి, నీరు, నేల లెక్కలు తెప్పించి, చట్టం చేసేవాళ్ల ముందు పెట్టడం. తమ నేలల్లో 60 నుంచి 70 శాతం ఆరోగ్యంగా లేవని యూరోపియన్ కమిషనే ఒప్పుకుంది. 2025లో నేల పర్యవేక్షణకే ఒక చట్టం తెచ్చుకున్నారు. వాళ్లూ తడబడ్డారు. పురుగుమందుల వాడకాన్ని 2030కల్లా సగానికి తగ్గించాలన్న చట్టం ప్రతిపాదన 2023లో వాళ్ల పార్లమెంటులో ఓడిపోయింది. మరుసటి ఏడాది రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కిన రోజుల్లోనే, 2024 ఫిబ్రవరిలో, కమిషన్ దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ రైతుల కోపం నాకు అర్థమవుతుంది. మందు మానమని చెప్పేవాడు దిగుబడి తగ్గితే నష్టం ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి. అయినా కొలవడం ఆగలేదు కనుక, అక్కడ రేపు జరిగే వాదన కూడా లెక్కల మీదే జరుగుతుంది.

ఒక్క లెక్క ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి పటాన్‌చెరు చాలు. తొంభై దాకా ఔషధ ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేశామన్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. చికిత్స తీసుకుంటున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఇసుకవాగు, నక్కవాగు పక్కన బతికే జనం ఏళ్లతరబడి మొత్తుకున్నదే అది, కాకపోతే వాళ్ల మాటకు అంకె లేదు. అంకె దొరికాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. పర్యావరణంలో కలిసే ఔషధాల మీద 2019లో యూరోపియన్ యూనియన్ ఒక విధానపత్రమే తెచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. మన వాగులో తీసిన లెక్క వాళ్ల విధానానికి పనికొచ్చి మన చట్టానికి పనికిరాకపోవడం నాకు మింగుడుపడని సంగతి.

వ్యవసాయంలో మనకు కొలతలే లేవనను. 2015లో మొదలైన భూసార పరీక్ష కార్డు నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటి పన్నెండు అంశాలు చెబుతుంది. అందులో పురుగుమందు అవశేషానికి గడి లేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అవశేషాలు తేల్చే ప్రయోగశాల ఉంది, ఆ చదువు చదివినవాళ్లున్నారు. ఆ పని మండలం దాకా దిగిరావాలి.

మన జిల్లాలోనే లింగాల ఘన్‌పూర్ మండలం ఏనెబావి ఉంది. పత్తి మీద మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన వరంగల్ ప్రాంతంలో, ఆ చిన్న ఊరు ఊరంతా ఒక్కమాట మీద నిలబడి ముందు పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేసింది. వేపగింజల కషాయం, పశువుల ఎరువు, చెరువు మట్టితో సేద్యం చేసింది. ఒక్క రైతు మానితే పక్క చేనులో మందు గాలికి కొట్టుకొస్తుంది. ఊరంతా మానడంలోనే ఆ ప్రయోగం బలముంది. దేశమంతటి నుంచి జనం వచ్చి చూసి, మెచ్చుకుని వెళ్లారు. మెచ్చుకోలుతో విధానం తయారవదు. ఆ ఊరి బావి నీళ్లలో, మట్టిలో ఏం మారిందన్నది పక్క మండలాలతో పోల్చి, ప్రభుత్వం ఏటా కొలిచి చూపాల్సింది.

ఇప్పుడైనా చేయొచ్చు. దేవాదుల నీళ్లొచ్చి వరి పెరిగిన చిల్పూరు నుంచి కొన్ని బావులు, బోర్లు, ఏనెబావి నుంచి కొన్ని, మిర్చి వేసే మహబూబాబాద్ ఊళ్ల నుంచి మరికొన్ని ఎంచుకుని, వానాకాలం ముందొకసారి, పంట కోశాక ఒకసారి నీళ్లు, మట్టి తీయాలి. ప్రతి క్లస్టర్‌లో రైతువేదిక ఉంది. ఏ మందు ఎంత ఉందో, ఎంత ఉంటే ప్రమాదమో తెలుగులో రాసి దాని గోడకు అంటించాలి. వచ్చే యాసంగి నాట్లలోపు మొదటి పట్టిక కావాలని మన గ్రామసభలు తీర్మానం చేసి కలెక్టరుకు పంపవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.