ఆ గర్జనను మార్చి చూడండి

‘జురాసిక్ పార్క్’ లాంటి సినిమాల దృశ్యాలను కత్తిరించి, కొత్త సంగీతం జోడించి అభిమానులు చేసే చిన్న చిత్రాలంటే నాకూ ఇష్టమే. అయితే నేను చూసినవాటిలో ఎంత మార్చినా టీరెక్స్ గర్జనను మాత్రం ఎవరూ ముట్టుకోరు.

ఆ గర్జన శిలాజాలు చెప్పింది కాదు. 1993లో ఏనుగు పిల్ల, పులి, మొసలి అరుపులను కలిపి స్టూడియోలో తయారు చేసింది. గొంతులోని మెత్తని భాగాలు శిలాజాలుగా మిగలడం చాలా అరుదు. అందుకే శాస్త్రవేత్తలు డైనోసార్ల బంధువులైన పక్షులను, మొసళ్లను పరిశీలిస్తారు. పావురం నోరు మూసుకునే గొంతు ఉబ్బించి కూస్తుంది. కొన్ని డైనోసార్లు కూడా అలాగే శబ్దం చేసి ఉండవచ్చని 2016లో వచ్చిన ఒక అధ్యయనం సూచించింది. పైగా శరీరం పెద్దదైన కొద్దీ స్వరం సాధారణంగా మంద్రమవుతుంది.

సినిమా కల్పనే కదా అంటారు. నిజమే. కానీ చాలామంది పిల్లలకు డైనోసార్ మొదట పరిచయమయ్యేది తెరమీదే. వాటికి ఈకలు అద్దాలంటే గ్రాఫిక్స్ కావాలి. గర్జన మార్చడానికి ఫోన్‌లోని ఎడిటింగ్ యాప్ చాలు. మొసలి గుర్రును వేగం తగ్గించి పెడితే స్వరం ఇంకా కిందికి దిగుతుంది. నోరు తెరవని టీరెక్స్ ఇంకా భయపెడుతుందని నా నమ్మకం.

తెలంగాణలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. మీ చిత్రంలో దానికీ ఒక షాట్ ఇవ్వండి. దాని గొంతు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. మీరే ఊహించండి. అది ఊహేనని చివర్లో ఒక్క వాక్యం రాయండి.