బోర్డు కాదు, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి

జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోవాలో ఇల్లందులో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మనసు చెదిరిన మనిషిని ఎక్కడ చూపించాలో మాత్రం పెద్దలకూ తోచదు. చివరికి హైదరాబాద్ బస్సెక్కుతారు. అక్కడ బోర్డులకు కొదవ లేదు: కౌన్సెలర్, లైఫ్ కోచ్, థెరపిస్ట్, సైకాలజిస్ట్. వీటిలో ఏది ఏళ్లు పట్టిన చదువో, ఏది కొద్దిరోజుల కోర్సో ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే మానసిక వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలతో సమస్యను గుర్తించి, మాటలతో చికిత్స చేస్తారు. ఆ పేరు పెట్టుకోవాలంటే 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదై ఉండాలి. నమోదు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారు? జరిమానా పెంచాలి, ప్రతి క్లినిక్ గోడ మీదా ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు రాయించాలి. మానసిక వైద్యం పొందడం హక్కని 2017 చట్టం చెప్పింది. ఆ హక్కు కోసం సింగరేణి బొగ్గు గనులు పుట్టిన ఇల్లందువాళ్లు రాజధాని దాకా పోవలసి రావడం అన్యాయం. ఇల్లందు ప్రభుత్వాసుపత్రికి వారానికి ఒక్కరోజైనా నిపుణుణ్ని పంపాలి. అందాకా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళైనా ఫోన్ చేయండి. నగరానికి వెళ్తే, క్లినికల్ సైకాలజిస్ట్‌కు ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ నంబరు అడగండి. చెప్పడానికి వెనకాడితే లేచి వచ్చేయండి.