చింతపల్లి కొండ మీది దీపం

గచ్చిబౌలి, ఆదివారం



మొన్న రాత్రి మా మనవడి గదిలో మీరు నలుగురూ బిర్యానీ పొట్లాలు విప్పుకుని కూర్చున్నప్పుడు మీలో ఒకమ్మాయి ఫోన్లో ఒక ఫొటో చూపించింది. నడిసముద్రంలో రాయి, రాయి మీద స్తంభం, దాని నడుం దాకా లేచిన అల. "తాతగారూ, మీ ఊరి లైట్‌హౌస్ కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఇంకో అబ్బాయి ఫోను కుయ్యోమంది. ఎక్కడో సర్వర్ పడిపోయిందట. వాడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు, మీరంతా వాడి చుట్టూ మూగారు. బిర్యానీ చల్లారింది, నా జవాబు నాలుక మీదే ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

మా వైపు దీపం రాయి మీద లేదమ్మా, ఒడ్డునే ఉంది. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి. దొరల నోట్లో పడి అది శాంటపిల్లి అయింది. ఊరికి ఎదురుగా కొన్ని మైళ్ల లోపల సముద్రంలో రాళ్లున్నాయి. భీమిలి రేవు కళకళలాడే రోజుల్లో గోగునారకీ నువ్వులకీ వచ్చే ఓడలకు అవే గండం. 1847లో కుంఫిణీ వాళ్ల కాలంలో ఇక్కడ దీపం పెట్టారు. పెట్టింది ఒడ్డునున్న చిన్న కొండ మీద.

రాయి మీద కట్టడమంటే ఏమిటో మీ ఫొటోలాంటి చోటే చెబుతుంది. ఇంగ్లండులో ప్లిమత్ రేవుకు 14 మైళ్ల దూరాన ఎడ్డీస్టోన్ అని రాళ్ల గుంపు ఉంది. విన్‌స్టన్లీ అనే ఆయన 1698లో అక్కడ చెక్కతో దీపస్తంభం కట్టాడు. ఎంత పెద్ద గాలివాన వచ్చినా అందులోనే ఉండి చూడాలని ఆయనకు సరదా. 1703 నవంబరులో నిజంగానే వచ్చింది. తెల్లారేసరికి స్తంభమూ లేదు, ఆయనా లేడు. తర్వాత కట్టింది 1755లో కాలిపోయింది. మూడోసారి స్మీటన్ అనే ఇంజినీరు రాళ్లను ఒకదాన్నొకటి పట్టుకునేలా గాడులు కొట్టి పేర్చాడు. నీళ్లలో కూడా గట్టిపడే సున్నం కోసం వెతికి వెతికి, బంకమన్ను కలిసిన సున్నపురాయి అందుకు పనికొస్తుందని పట్టుకున్నాడు. ఇటలీ నుంచి తెప్పించిన అగ్నిపర్వతపు మట్టి అందులో కలిపాడు. 1759లో దీపం వెలిగింది. వందేళ్లు దాటినా ఆ స్తంభం చెక్కుచెదరలేదు. దాని కిందున్న రాయినే సముద్రం కోసేసింది! చివరికి పై భాగం విప్పి ప్లిమత్ తీసుకెళ్లి నిలబెట్టారు. మొదలు మాత్రం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది.

మీ టవర్ వెనకాల కొత్త బిల్డింగు దగ్గర సిమెంటు బస్తాలు ఎప్పుడైనా చూశారా? చాలావాటి మీద పీపీసీ అని ఉంటుంది. మధ్యలో ఉన్న పీ అంటే పొజొలానా, స్మీటన్ కలిపిన ఆ మట్టి పేరే. ఇప్పుడు దాని బదులు థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతున్నారు. ఇక్కడ కోట్ల ఏళ్ల నాటి గుండ్లను పేల్చి ఆ చోట అదే సిమెంటుతో మేడలు లేపుతున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కొంచెం కడుపు మండుతుంది కూడా. సరే, అది వేరే లేఖ.

ఎడ్డీస్టోన్ దీపం "రాయి ఇదిగో, ఇటు రాకు" అంటుంది. చింతపల్లి దీపం అలా అనదు. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడున్నావో చూసుకో" అంటుంది. కంపాస్‌తో దీపం ఏ దిక్కున ఉందో చూసి పటం మీద ఒక గీత గీయాలి. ఓడ కొంత దూరం నడిచాక మళ్లీ చూసి ఇంకో గీత గీయాలి. అప్పుడుగానీ రాయి ఎటుందో తెలీదు. ఆ గీతలు ఓడలో ఉన్నవాడే గీసుకోవాలి.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు సరుకు ఓడలో థర్డ్ మేట్‌ని. వాన వెలిసిన రాత్రి, కలకత్తా నుంచి విశాఖ వస్తున్నాం. కుడివైపు వెలుగు మిణుక్కుమంది. మా ఊరి దీపం కదా, గుండె పొంగిపోయింది. "చింతపల్లి లైటు సార్" అన్నాను. కెప్టెన్ బైనాక్యులర్స్ అయినా ఎత్తలేదు. "లెక్కపెట్టావా?" అన్నాడు. ప్రతి లైట్‌హౌస్‌కీ ఇన్ని సెకన్లకోసారి మెరవాలని ఒక లెక్క ఉంటుంది. స్టాప్‌వాచీ నా జేబులోనే ఉంది, తియ్యలేదు. తీసి చూస్తే తొమ్మిది, నాలుగు, పదిహేను. తాళం లేదు. అది జాలరుల పడవ మీది పెట్రోమాక్స్, అలల మధ్య మునుగుతూ తేలుతోంది. అసలు దీపం ముప్పావుగంట తర్వాత కనబడింది. ఆ పెట్రోమాక్స్‌ని నమ్మి అప్పుడే ఓడ తిప్పి ఉంటే ఏమయ్యేదో నేనిక్కడ రాయను, ఇంట్లో వాళ్లు కూడా చదువుతారు.

మన తీరంలో ఇంకో ఓడకు ఏమైందో మాత్రం చెబుతాను. 1867 జూన్‌లో గోదావరి మొగ దగ్గర అమెరికా యుద్ధనౌక సాక్రమెంటో దిబ్బల మీద కూరుకుపోయింది. మనుషులంతా బతికారు, ఓడ పోయింది. ఆ దిబ్బలకు ఓడ పేరే మిగిలింది.

మీలో ఒకరు వెళ్తూ వెళ్తూ, "ఇక్కడే ఉండమంటారా, బెంగళూరు వెళ్లిపోమంటారా?" అని అడిగారు. నాకు సర్వర్లు తెలీవు నాయనా. నేను ఎక్కడెక్కడ తిరిగానో, ఎప్పుడు తప్పు చూశానో చెప్పగలను. గీత మాత్రం మీరే గీసుకోండి. ఈ వయసులో నన్ను తీసుకెళ్లి రాయి మీద కూర్చోబెట్టకండి.

సంక్రాంతికి మనవడితో కలిసి మా ఊరు రండి. పొద్దు వాలాక కొండ కిందికి వెళ్దాం. వాచీ ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

అన్నట్టు, ఆ సర్వర్ లేచిందా? ఆ అబ్బాయి తెల్లవారుజామున మూడింటికి కూడా హాల్లో లైటు వేసుకునే ఉన్నాడు. మజ్జిగ ఇద్దామని లేచాను గానీ, తల ఎత్తకుండా టైపు చేస్తుంటే పిలవబుద్ధి కాలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. పొద్దున చూస్తే ఖాళీగా ఉంది.

మీ తాతయ్య