ఖాతా కోలుకుంది; కర్మాగారం కోలుకున్నదా?

ప్రభుత్వరంగ సంస్థల పునరుద్ధరణ ప్రస్తావన రాజధానిలో ఎప్పుడు వచ్చినా అంకెలే ముందు నిలుస్తాయి. కేంద్రం ఎన్ని కోట్లు ఇచ్చింది, లాభం ఏ ఏడు కనిపించింది అనేంతవరకే చర్చ సాగుతుంది. ఆ సంస్థ రేపు ఏమి తయారు చేస్తుంది, ఎవరికి అమ్ముతుంది అనే ప్రశ్నను అడిగేవారు అరుదు. ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ అనుభవం ఇందుకు నిదర్శనం.

1948లో బెంగుళూరులో నెలకొన్న ఈ సంస్థ చాలాకాలం దేశానికి టెలిఫోన్లనూ, ఎక్స్ఛేంజీలనూ సమకూర్చింది. నైనీ, రాయ్‌బరేలీ, మాన్కాపూర్, పాల్ఘాట్‌లకు విస్తరించింది. కొనుగోలుదారు ప్రభుత్వమే కాబట్టి సరుకు అమ్ముడుపోతుందా అన్న బెంగ లేకపోయింది. 1991 తరువాత పరికరాల తయారీలోనూ, 1994 టెలికాం విధానంతో సేవలలోనూ ప్రైవేటు కంపెనీలకు ద్వారాలు తెరుచుకున్నాయి. సెల్‌ఫోన్ల రాకతో పాత పరికరాలకు గిరాకీ పడిపోయింది. సంస్థ నష్టాలలో కూరుకుపోయింది.

2014 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సుమారు 4,157 కోట్ల రూపాయల పునరుద్ధరణ పథకాన్ని ఆమోదించింది. 2017-18లో సంస్థ లాభం చూపింది. సంస్థ కోలుకున్నదని అందరూ సంతోషించారు. కాని 2022-23లో మళ్లీ నష్టం వచ్చింది. మరుసటి సంవత్సరమూ అదే పరిస్థితి. ధనసహాయం పాత గాయాన్ని మాన్పింది కాని సంస్థకు సొంత నడక నేర్పలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

అదే బెంగుళూరులో 1954లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంగతి చూడండి. దానికీ యజమాని కేంద్రమే. ప్రధాన కొనుగోలుదారు రక్షణశాఖ. 1983లో అది మన మచిలీపట్నంలోని ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని తనలో కలుపుకుంది. ఆ సంస్థ సొంత పరిశోధనకు ఏటా గణనీయంగా వెచ్చిస్తూ, సైన్యానికి రేపు కావలసిన పరికరం ఏదో ముందుగానే గ్రహించే ప్రయత్నం చేస్తూ వచ్చింది.

ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని కొందరు అనవచ్చు. రక్షణశాఖ కొనుగోళ్లు పెరుగుతూ పోగా, టెలిఫోన్ సంస్థకు అండగా ఉండవలసిన బి.ఎస్.ఎన్.ఎల్. తానే చిక్కిపోయి, కేంద్ర సహాయం కోసం ఎదురుచూసింది. ఈ వాదనలో నిజం ఉంది. అయితే, కొనేవాడు కుంటుపడినప్పుడు అతనికోసం కేటాయించిన ఆర్డర్లపైనే అమ్మేవాడు ఆధారపడటం వివేకం కాదు కదా!

ఈనాడు ఈ సంస్థ డేటా కేంద్రం, ఆప్టికల్ ఫైబర్, సౌరఫలకాలు, కంప్యూటర్లు, 4జి పరికరాలు - ఇలా పలు దారులు పట్టింది. అన్నిటినీ చేపట్టడం దీర్ఘదృష్టి అనిపించుకోదు. 1984లో పుట్టిన సి-డాట్ స్వదేశీ పరిజ్ఞానాన్ని సృష్టించగలిగింది. ఆ పరిజ్ఞానాన్ని కర్మాగారంలో వస్తువుగా మార్చే బాధ్యతను ఈ సంస్థకు స్పష్టంగా అప్పగించి, కాలపరిమితి విధించి, ఫలితాన్ని ఏటా పార్లమెంటు ముందు ఉంచాలి.

దేశ సమాచార వ్యవస్థ విదేశీ పరికరాల దయపై నడవరాదని మంత్రులు తరచు సెలవిస్తుంటారు. ఆ మాటలో చిత్తశుద్ధి ఉంటే మరో విడత ధనసహాయం ప్రకటించేముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: పదేళ్ల తరువాత ఈ కర్మాగారం నుంచి ఏ వస్తువు బయటికి వస్తుంది? జవాబు లేకుండా ఇచ్చే డబ్బు కార్మికుని గండం వాయిదా వేయగలదే తప్ప, అతని కొలువును నిలబెట్టలేదు.